బిజ్జు మీద పడ్డ నింద

ఏటూరునాగారం పోయొచ్చానని చెబితే మా మడికొండ కాలనీలో ముందు అడిగే మాట, "ఎవరన్న పోయిండ్రా?" అని. చావు కబురు లేకపోతే వరంగల్ వాళ్ళకు ఆ దారి రెండు పనులకే తెలుసు: రెండేళ్ళకోసారి మేడారం జాతర, లేదంటే ఎన్నికల డ్యూటీ. సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరైన నాకు కూడా ఆ దారి అంతవరకే తెలుసు. ఈసారి మాత్రం ఒక జంతువు కోసం పోయాను. మోకాలి ఎత్తు కూడా లేని జంతువు.

దాని సంగతి చెప్పే ముందు మా అమ్మాయి సనా గురించి చెప్పాలి. సనా పశువుల డాక్టరు చదివింది. చదువయ్యాక ఆవులనూ గొర్రెలనూ వదిలేసి, అడవిలో తిరిగే చిన్న జంతువుల మీద పడింది. పులులను వెతికేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ పిల్లి అంత జంతువు ఎక్కడుంది, ఎక్కడ లేకుండా పోయింది అని చూసేవాళ్ళు లేరని దాని బాధ. పెళ్ళిళ్ళలో చుట్టాలు "మీ డాక్టరమ్మ ఏ దవాఖానల చేస్తాంది?" అని అడిగితే మొదట్లో మాట దాటేసేదాన్ని. ఇప్పుడు నేనే ముందుగా చెబుతాను, వినేవాళ్ళకు విసుగొచ్చేదాకా.

రంజాన్ పండుగైన వారానికి మా చుట్టాల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. మసక వెలుతురు, మేము ఖబర్ అనే సమాధి పక్కన తవ్విన మట్టి, గోడ వెంట పరుగెత్తే నల్లటి ఆకారం. కింద ఏటూరునాగారం దగ్గరి ఒక ఊరి పేరు, ఈ రాత: "శవాలు తినే దయ్యం ముంగిస! అందరికీ పంపండి!" మా ఆడబిడ్డ పంపనే పంపింది. సనా దాన్ని ఆపి ఆపి చూసింది.

"అమ్మా, ఇది ముంగిస కాదు. బిజ్జు. ఏటూరునాగారం వైపు ఉన్నదని వినుడే గానీ నేను ఒక్కసారి గూడ చూడలే."

"అయితే మంచిదే గదా?"

"ఏం మంచిది? ఇది చూసినోళ్ళు దాన్ని బతకనిస్తరా?" అని, కాసేపాగి, "నువ్వు గూడ రావాలె. ఖబరస్తాన్ ముచ్చట. నేనొక్కదాన్నే పోతే పెద్దమనుషులు నాతోని మాట్లాడరు," అంది.

ముప్పై ఏళ్ళు నిండిన కూతురు నా అవసరం ఉందని అడగడం అరుదు. మారు మాట్లాడకుండా బట్టలు సర్దుకున్నాను.

ములుగు రోడ్డు

సనా కారు పాతది. వెనుక సీటు నిండా చెట్లకు కట్టే కెమెరాలు, తాళ్ళు, ఒక డబ్బాలో చేపనూనె. ఆ వాసనకు జంతువులు కెమెరా ముందుకు వస్తాయట. హనుమకొండ దాటి ములుగు రోడ్డెక్కాక ఒక స్పీడు బ్రేకరు కనబడలేదు. డబ్బా మూత ఊడి నూనె మొత్తం నా సంచీలో పడింది. చీరలు, దుప్పట్టా, పండుగకు చేసిన సేమియా మిగిలితే తెచ్చిన డబ్బా, అన్నీ తడిశాయి. ములుగులో చాయ్ తాగడానికి దిగితే మూడు వీధికుక్కలు నా వెంటపడ్డాయి. హోటలు ముందు నిలబడ్డ ఒక పెద్దాయన వాటిని అదిలిస్తూ, "చేపల అమ్మకానికి వచ్చినవా అమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. సనా నవ్వాపుకోలేక చాయ్ ఒలకబోసుకుంది. మా దగ్గర పదిహేను రూపాయలైన చాయ్ ఇక్కడ ఇంకా పదే. పైగా గ్లాసు నిండా పోస్తారు.

కారులో మళ్ళీ కూర్చున్నాక సనా నాకు పరీక్ష పెట్టింది. "వీజిల్ అంటే తెలుగుల ఏందమ్మా?"

"ముంగిస. నిఘంటువుల్ల అట్లనే ఉంటది."

"నిఘంటువు రాసినాయన వీజిల్‌ని చూసి ఉండడు. ముంగిస పిల్లి వైపు చుట్టం. వీజిల్ కుక్క, ఎలుగుబంటి ఉన్న వైపు. రెండిండ్లకు సంబంధమే లేదు."

అసలు వీజిళ్ళు చిటికెన వేలంత సందులో దూరిపోయే సన్నటి జంతువులట, మన దేశంలో హిమాలయాల్లోనే ఉంటాయట. వాటి ఇంటివాళ్ళలో మన వైపు దొరికేవి రెండేనట: గోదావరిలో నీటికుక్క, అడవిలో బిజ్జు. అందులో బిజ్జుది విచిత్రమైన సంసారం. చాలాకాలం దాన్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో శాస్త్రవేత్తలకే తేలలేదు. చివరికి ఆ పెద్ద కుటుంబంలోనే దానికి వేరుగా ఒక గది ఇచ్చారు. ఆ గదిలో అదొక్కటే ఉంటుంది. ఆఫ్రికా కొస నుంచి అరబ్బు ఎడారులు దాటి మన దాకా ఉన్న జాతి. అయినా మన అడవుల్లో కనబడటం అపురూపం. చట్టంలో పులికి ఉన్నంత రక్షణ దీనికీ ఉందని చెప్పింది.

"పులి సంగతి అందరికీ తెలుసు. దీన్ని చంపితే నేరమని చంపినోనికి గూడ తెల్వది," అంది సనా. రోడ్డు మీదనే చూపు పెట్టి అంది గానీ గొంతులో కోపం వినబడింది.

జాతర లేని మేడారం

తాడ్వాయి దాటాక అడవి రోడ్డుకు రెండు వైపులా దగ్గరికొచ్చింది. మేడారంలో ఆగాం. జాతరప్పుడు కాలు పెట్టే సందు ఉండదు. ఇప్పుడు అమ్మవార్ల గద్దెల దగ్గర పది మంది కూడా లేరు. జాతరై రెండు నెలలైనా మొక్కుల బెల్లం వాసన ఇంకా నేలలోనే ఉంది. జంపన్న వాగు ఇసుకలో సన్నగా పారుతోంది. జనం లేని మేడారం ఇంత ప్రశాంతంగా ఉంటుందని చెబితే మా వీధిలో ఎవరూ నమ్మరు.

వాగు అవతల చెట్ల కింద కోయ ఆడవాళ్ళు ఇప్పపూలు ఏరుతున్నారు. లక్ష్మి అనే ఆమె చాప మీద ఆరబోసిన పూలలోంచి గుప్పెడు తీసి నా చేతిలో పెట్టింది. ఎండుద్రాక్షలా తియ్యగా ఉన్నాయి, చివర్లో కొంచెం వగరు. మా ఇళ్ళలో ఇప్ప అంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది. ఆమె లడ్డూలు చేస్తుందట, జ్వరం తగిలితే పిల్లలకు కాచి పోస్తుందట.

సనా బొమ్మల కార్డు తీసి చూపించింది: ముంగిస, మానుపిల్లి, నీటికుక్క, బిజ్జు. లక్ష్మి ముంగిసను ఠక్కున చెప్పింది. బిజ్జు బొమ్మ దగ్గర ఆగి, "ఇది ఎలుగు పిల్ల," అంది. పక్కనున్నామె "కాదు, తేనె తినేది. పుట్టలు తోడుతది," అంది. మూడో ఆమె ఇలాంటిది భూమ్మీద లేదని తేల్చేసింది. ముగ్గురూ మాటకు మాట అనుకుని, పూలు వదిలేసి ఆ బొమ్మ చుట్టే కూర్చున్నారు. సనా ఎవరినీ సరిదిద్దలేదు. ఎక్కడ చూశావక్కా, ఏ కాలంలో, ఒక్కటే ఉండెనా, జంటగనా అని ఓపికగా అడిగింది. మా ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైతే ఒక్క నిమిషం ఓర్చుకోని పిల్ల!

గోదావరి ఒడ్డు

వీడియో తీసిన ఊరు ఏటూరునాగారానికి దగ్గరే, గోదావరి పక్కన. ఊరి పేరు మాత్రం రాయను. తెలిస్తే బిజ్జును చూడటానికి బైకులేసుకుని పోయేవాళ్ళుంటారు. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఊళ్ళో అడుగు పెట్టగానే తుమ్ములు మొదలు. ముప్పై దాకా ముసల్మానుల ఇళ్ళు. ఇంట్లో, మసీదు మెట్ల మీద, ఎక్కడ విన్నా తెలుగే. "ముసల్మాను అయ్యుండి తెలుగు ఎంత బాగా చెబుతారండీ" అని నన్ను జీవితమంతా మెచ్చుకున్నవాళ్ళను ఒక్కసారి ఇక్కడికి తీసుకురావాలనిపించింది.

తవ్వింది ఇమాంబీ అనే ముసలామె ఖబర్‌ను. ఆమె రంజాన్‌కు ముందు పోయింది. కొడుకు యాకూబ్‌కు నలభై ఐదేళ్ళుంటాయి. గేట్లు, కిటికీలు చేసే వెల్డింగ్ షాపు నడుపుతాడు. మేము పోయేసరికి చేతిలో మిషను ఆపకుండానే తలెత్తి చూశాడు.

"వీడియో చూసి వచ్చిండ్రా? అందరు వస్తాండ్రు. చూసి పోన్రి."

"వీడియో చూడనీకి రాలే తమ్మీ," అన్నాను. "నేను వరంగల్ టీచర్ని. ఇది నా బిడ్డ, జంతువుల డాక్టరు. తవ్వేదేందో, ఎందుకు తవ్వుతాందో చూద్దామని వచ్చింది."

మిషను ఆపాడు. లోపల్నుంచి భార్యను పిలిచి చాయ్ పెట్టమన్నాడు. చేతులకంటిన మసి తుడుచుకుంటూ కూర్చుని, మెల్లగా మొదలుపెట్టాడు.

"మా అమ్మ మంత్రసాని టీచరమ్మా. ఈ ఊర్ల సగం మంది ఆమె చేతుల్లనే పడ్డరు. మనోళ్ళా, పరాయోళ్ళా అని చూడలే, ఎవ్వల ఇంట్ల నొప్పులొస్తే ఆళ్ళింటికి ఉరికింది. ఇప్పుడు ఊరంత ఏమంటాండ్రో తెలుసునా? బిజ్జు పాపాత్ముల ఖబర్ కాడికే పోతదట. ఇన్ని ఖబర్లుండంగ ఇమాంబీ కాడికే ఎందుకొచ్చిందని అంటాండ్రు." మసి గుడ్డను పక్కన పడేశాడు. "పూడ్చి వస్త. మళ్ళ తోడుతది. పూడ్చి వస్త. మళ్ళ తోడుతది."

సనా పాపాలు, పుణ్యాలు, మూఢనమ్మకాలు అని ఏమీ మొదలుపెట్టలేదు. "అమ్మను ఎక్కడ పెట్టిండ్రో చూపిస్తవా మామా?" అని మాత్రం అడిగింది.

ఖబరస్తాన్

వరంగల్లో మా ఇళ్ళ ఆడవాళ్ళు ఖబరస్తాన్ గేటు దగ్గరే ఆగిపోతారు. మా నాన్న ఖబర్‌ను కూడా నేను గోడ ఇవతలి నుంచే చూశాను. ఇక్కడ గేటు దగ్గర నేను ఆగిపోవడం చూసి మసీదు కమిటీ పెద్ద, అందరూ సదర్ సాబ్ అని పిలిచే తెల్లగడ్డం ఆయన, "లోపటికి రా అమ్మా. షబే బరాత్ పండుగకు మా ఆడోళ్ళు గూడ పూలు పెట్టనీకి వస్తరు," అన్నాడు. దుప్పట్టా సవరించుకుని లోపలికి అడుగు పెట్టాను. చేపనూనె వాసన ఇంకా పోలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

ఇమాంబీ ఖబర్ గోడ వైపు కొసన ఉంది. కాళ్ళ వైపు గుంత, చుట్టూ పొడుగాటి గోళ్ళ గీతలు. సనా మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి చూసింది. చెయ్యి మాత్రం పెట్టలేదు. ఖబర్ చుట్టూ మట్టిలో తెల్లగా నూకలు కనబడ్డాయి.

పక్కనే యాకూబ్ చేసిన బోను ఉంది. వేలు లావు ఇనుప చువ్వలతో, పడిపోయే తలుపుతో ఉంది. లోపల ఒక చచ్చిన కోడి. సనా ముఖం మారింది.

"ఇది పెట్టుడు నేరం మామా. కేసైతది."

"కానియ్ బిడ్డా. పోరగాండ్లు మందు పెట్టి చంపుదమన్నరు. నేనే వద్దన్న. బతికుండంగ పట్టి, నా కండ్లతోని చూడాలె. నా తల్లిని ఇడిశిపెట్టవా అని అడగాలె."

ఎంత చెప్పినా తలుపు తీయనన్నాడు. సనా ఫారెస్టు బీట్ ఆఫీసరుకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె పొద్దున్నే వచ్చి బోను తీయిస్తానంది. సనా ఖబర్‌కు ఎదురుగా గోడకు కెమెరా కట్టింది.

ఆ పూట అన్నం యాకూబ్ ఇంట్లోనే. మా దగ్గర బగారన్నం అంటే పక్కన మటన్ ఉండాల్సిందే. ఇక్కడ గోదారి చేపల పులుసు పోశారు. మొదటి ముద్దకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ ఊరి మిరప అంత ఘాటు. రెండోసారి వడ్డించమని నేనే అడిగాను. ఆయన భార్య ముఖం ఆ ఒక్కసారే విచ్చుకుంది.

శుక్రవారం పొద్దున

ఏటూరునాగారం లాడ్జిలో నిద్ర లేవకముందే యాకూబ్ ఫోను. పడిందన్నాడు.

మేము పోయేసరికి ఖబరస్తాన్ బయట ఊరు సగం ఉంది. బోనులో బిజ్జు. నెత్తి నుంచి తోక దాకా పైనంతా బూడిద తెలుపు, కిందంతా నలుపు, మధ్యలో గీత గీసినట్టు. భయపడి మూలకు నక్కుతుందనుకున్నాను. అది ఎదురుగా వచ్చి మా ముఖాల మీదికే గుర్రుమంది. దాని గొంతు ఒళ్ళు జలదరించేలా ఉంది. చువ్వలు కొరికి కొరికి చిగుళ్ళు నెత్తురయ్యాయి.

"ఎట్ల ఆగింది మామా? ఇది తాళాలు తీసే జంతువు. ఎన్ని బోన్లు ఇరగ్గొట్టిందో చదివిన," అంది సనా, తనకు తెలియకుండానే.

"నా వెల్డింగ్ బిడ్డా," అన్నాడు యాకూబ్. అంత బాధలోనూ ఛాతీ కొంచెం పొంగింది.

కర్రలు పట్టుకున్న కుర్రవాళ్ళు దగ్గరికి జరిగారు. ఒకడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. యాకూబ్ లేచి బోనుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇది నా బోను. నా తల్లి ముచ్చట. ఎవ్వలన్న కట్టె లేపితే ఊకోను." అప్పుడే బీట్ ఆఫీసరు స్కూటీ మీద దిగింది. చిన్న వయసు, గట్టి మనిషి. ఎవరి మీదా అరవకుండా కర్రలన్నీ ఒకచోట కుప్ప వేయించింది. బోను పెట్టినందుకు యాకూబ్ మీద కేసు రాస్తుందేమోనని సనా భయపడుతుంటే, "ముందు జంతువు సంగతి చూద్దాం మేడం," అంది.

సనా కెమెరా తెచ్చి చెట్టు చాటున నా పక్కన కూర్చుని బొమ్మలు చూసింది. ఒక దగ్గర ఆగిపోయింది. బిజ్జు గుంతలోంచి వెనక్కి జరుగుతోంది, నోట్లో ఇంత పందికొక్కు. దాని ముందు బొమ్మల్లో పందికొక్కులు ఒకటి వెనుక ఒకటి ఖబర్ మీదికొచ్చి నూకలు తింటున్నాయి.

"అమ్మా, నూకలు ఎవరు చల్లుతాండ్రు?"

నాకు ముందు రోజే అనుమానం వచ్చింది. యాకూబ్ అంగీ జేబు కొస నుంచి తెల్లటి నూక రాలడం చూశాను. చెప్పాను. సనా యాకూబ్‌ను ఒక్కడినే పక్కకు పిలిచి టార్చి వేసి గుంత చూపించింది.

"చూడు మామా. తోవ కిందికి పోలే, పక్కకు పోయింది. అవి పందికొక్కు బొక్కలు. అమ్మ మీద బండలు ఎట్ల పేర్చిన్రో అట్లనే ఉన్నయ్. మీ అమ్మను అది ముట్టలే. ముట్టనీకి రాలే."

యాకూబ్ ఖబర్ మీద చెయ్యి వేసి మట్టిని సరిచేశాడు. "మరి కొక్కులు ఈడికే ఎందుకొచ్చినయ్?" అన్నాడు. సనా నా వైపు చూసింది. నూకల సంగతి నేనే చెప్పక తప్పలేదు.

"అమ్మ పిట్టలకు ఏస్తుండె," అన్నాడు ఆయన నేల చూస్తూ. "రోజు పొద్దుగాల చేటల నూకలు పోస్తుండె. ఆమె పోయినంక నేను ఈడ చల్లుతాన్న. అంటే నేనే తీసుకొచ్చిన్నా?"

"నువ్వు పిట్టలకు పెట్టినవ్ మామా. మిగిలింది కొక్కులు తిన్నయ్. కొక్కుల కోసం ఇది వచ్చింది. ఆకలికి వచ్చింది, అంతే. పాపం చూసి రాలే."

నమాజు తర్వాత

జుమ్మా నమాజు అయ్యాక సదర్ సాబ్ అందరినీ మసీదు ముందున్న వేపచెట్టు కింద కూర్చోబెట్టాడు. ఆడవాళ్ళు పక్క అరుగుల మీద చేరారు. సనా నిలబడింది. పిల్లలు పాఠం అప్పజెప్పేటప్పుడు కూడా నాకింత గాబరా ఉండేది కాదు.

సనా ఆ రోజు ఒక్క ఇంగ్లీషు ముక్క వాడలేదు. బిజ్జు ఎవరి చుట్టమో, ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా ఉందో, మన దగ్గర ఎందుకు తరిగిపోయిందో చెప్పింది. పాములనూ కొక్కులనూ తిని మిరప చేలకు అది చేసే మేలు చెప్పింది. ఫోనులో బొమ్మ చూపించింది. ఫోను ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయింది. "తోవ పక్కకు పోయింది, బండలు కదల్లే" అన్నప్పుడు సదర్ సాబ్ లేచి, "నేను గూడ పోయి చూసిన. ఖుదా సాక్షిగ నిజం," అన్నాడు. నూకల సంగతి మాత్రం సనా ఎత్తలేదు. కావాలనే వదిలేసిందని నాకు అర్థమైంది.

యాకూబ్ లేచాడు.

"నూకలు చల్లింది నేనే. అండ్ల దాచేది లేదు. నా అమ్మ పిట్టలకు పెట్టింది, నేను గూడ పెట్టిన. కొక్కులొచ్చినయ్. తప్పుంటే నాది. మా అమ్మ పేరు ఇంకెవ్వల నోట్ల అట్ల వినబడొద్దు."

సదర్ సాబ్ ముందుకొచ్చి యాకూబ్ భుజం మీద చెయ్యి వేశాడు. "నా ఐదుగురు పిల్లలు ఆమె చేతుల్ల పుట్టిండ్రు. ఆ మాట ఊర్ల తిరుగుతుంటె ఇని ఊకున్న. నా తప్పు గూడ ఉన్నది." అరుగు మీద ఒక ముసలామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అందరూ ఒప్పుకున్నారని చెప్పను. ఇద్దరు ముగ్గురు గొణుగుతూ లేచి పోయారు. "కొక్కులే అనుకుందం, అయినా ఖబరస్తాన్ల జంతువేంది?" అన్నాడొకడు. దానికి యాకూబే జవాబు చెప్పాడు: గోడ బయట ఇనుప స్తంభం మీద పళ్ళెం చేసి పెడతాడట, పిట్టలకు అక్కడే నూకలు, అమ్మ పేరు మీద. ఖబర్ చుట్టూ బండలు పరుస్తాడట. సాయంత్రం లోపే స్తంభం కొలతలు తీసుకోవడం కూడా మొదలుపెట్టాడు.

వాగు దగ్గర

బిజ్జును ఎంత దూరం తీసుకుపోయి వదలాలన్న దగ్గర కొంచెం వాదన జరిగింది. చాలా దూరం వదలమన్నారు ఊరివాళ్ళు. "దాని ఇల్లు ఈడనే ఉంటది. ఎరుకలేని అడివిల వదిలితే చస్తది," అంది సనా. బీట్ ఆఫీసరు సనా మాటకే మొగ్గింది. ఊరి పొలిమేర దాటాక, వాగు అవతల అడవి మొదలయ్యే చోట వదలాలని తేల్చారు. సనా చువ్వల సందు నుంచి దాని చిగుళ్ళకు మందు కొట్టింది. అది మందు సీసాను కూడా కొరకబోయింది.

ఎండ తగ్గాక ట్రాక్టరు ట్రాలీలో బోను ఎక్కించి బయల్దేరాం. ట్రాలీలో సదర్ సాబ్, నేను, పొద్దున కర్రలు పట్టుకున్న కుర్రవాళ్ళు కూడా. వాగు ఇసుకలో బోను దించారు. మేమందరం వెనక్కి జరిగాం. తలుపు తాడు యాకూబ్ చేతిలోనే ఉంది. బోను ముందు గొంతుక్కూర్చుని దాని కళ్ళలోకి చూశాడు. తల్లిని విడిచిపెట్టవా అని అడుగుతానన్నాడు కదా, ఏమంటాడోనని చెవులు రిక్కించాను. ఏమీ అనలేదు. తాడు లాగాడు.

విడిపించిన జంతువు ఒకసారి వెనక్కి చూసి అడవిలోకి పోతుందని నేను టీవీల్లో చూసి అనుకున్నాను. ఇది బయటికి వచ్చి, తోక నిక్కబొడుచుకుని, నేరుగా మా మీదికి వచ్చింది. యాకూబ్ ఎగిరి బోను మీదికెక్కాడు. బీట్ ఆఫీసరు, కుర్రవాళ్ళు, సనా అందరూ ట్రాలీలోకి దూకారు. నన్ను ఎవరు ఎత్తి ఎక్కించారో ఇప్పటికీ తెలియదు. ఒక చెప్పు వాగులో పోయింది. సదర్ సాబ్ నాకంటే ముందే పైన ఉన్నాడు. అంత చిన్న జంతువు ట్రాలీ చుట్టూ గుర్రుమంటూ ఒక చుట్టు తిరిగింది, మాలో ఎవరు దిగుతారో చూస్తానన్నట్టు. ఎవరూ దిగలేదు. అప్పుడది వెనక్కి తిరిగి, ఏ తొందరా లేకుండా ఇసుకలో నడుచుకుంటూ చెట్లలోకి పోయింది.

బోను మీద నిలబడ్డ యాకూబ్ నవ్వడం మొదలుపెట్టాడు. ఈ రెండు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"మా అమ్మ గూడ గింతే టీచరమ్మా! గింత పొట్టిది. పట్వారీ ఇంటి ముందటికి పోయి పట్వారీనే తిట్టొచ్చింది. ఎవ్వలకు భయపడలే."

"నన్ను చీపురుతోని ఉరికిచ్చింది," అన్నాడు సదర్ సాబ్. "నా పెండ్లాంకు నొప్పులొస్తుంటె నేను కల్లు కాడ ఉన్నా అని."

ట్రాలీ గొల్లుమంది. సనా నా భుజానికి తల ఆనించి నవ్వింది. పొద్దున కర్ర పట్టుకున్న కుర్రవాడొకడు సిగ్గుపడుతూ, తాను అడ్డం తిరిగి పుట్టబోతే ఇమాంబీ ఎలా బయటికి తీసిందో వాళ్ళమ్మ చెప్పిన కథ ఎత్తుకున్నాడు. ట్రాక్టరు కదిలింది. ఆ కథ అయ్యేలోపే ఇంకొకడు అందుకున్నాడు. ఊరొచ్చేదాకా ఇమాంబీ ముచ్చట్లే. యాకూబ్ ఖాళీ బోనుకు ఆనుకుని కూర్చుని, ఒక్కటీ వదలకుండా విన్నాడు.